లెక్కల టీచర్.. ప్రపంచ చెస్ ఛాంపియన్! ఉద్యోగం వదలకుండానే అలెఖిన్‌ను ఓడించిన మ్యాక్స్ యూవే కథ ఇదీ..

1935 డిసెంబర్ 15. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్. ప్రపంచ చెస్ టైటిల్ మ్యాచ్‌లో ఆఖరిదైన 30వ గేమ్ నడుస్తోంది. ఓ వైపు ఎనిమిదేళ్లుగా ఛాంపియన్‌గా ఉన్న అలెగ్జాండర్ అలెఖిన్. చెస్ తప్ప వేరే లోకం లేని మనిషి. మరోవైపు అమ్మాయిల స్కూల్లో లెక్కలు చెప్పుకునే ఓ టీచర్. స్కోరు 15-14, టీచర్‌దే పైచేయి. కానీ ఓ చిక్కుంది. 15-15తో సమమైతే టైటిల్ పాత ఛాంపియన్ దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి ఈ ఒక్క గేమ్ ఓడకపోతే చాలు. ఓడితే మాత్రం రెండున్నర నెలల కష్టం గంగలో కలిసినట్టే.

టీచర్ ఓడలేదు. గేమ్ డ్రా అయింది. 15.5-14.5తో మ్యాక్స్ యూవే ప్రపంచ ఛాంపియన్ అయ్యారు.

అంత పెద్ద టైటిల్ గెలిచాక కూడా ఆయన టీచర్ ఉద్యోగం వదల్లేదు. అసలు కథ అక్కడే ఉంది.

అమ్మ నేర్పిన ఆట

యూవే 1901 మే 20న ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి వాటర్‌గ్రాఫ్స్‌మేర్‌లో పుట్టారు. చిన్నప్పుడే అమ్మ దగ్గర చెస్ నేర్చుకున్నారు. చదువులోనూ వెనకబడలేదు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో గణితం చదివారు. అక్కడ ఆయనకు పాఠాలు చెప్పినవాళ్లలో బ్రౌవర్ ఒకరు. గణితానికి పునాదులేంటి అన్న విషయంలో ప్రపంచాన్నే రెండుగా చీల్చిన పెద్దమనిషి. అలాంటి చోట చదివి, 1926లో యూవే డాక్టరేట్ అందుకున్నారు. పెళ్లి కూడా ఆ ఏడాదే.

ఈలోపు చెస్‌లో ఆయన పేరు దేశమంతా మోగిపోతోంది. 1921లో తొలిసారి డచ్ జాతీయ ఛాంపియన్. అక్కడి నుంచి 1952 దాకా ఆయన బరిలోకి దిగిన ప్రతి జాతీయ టోర్నీ ఆయనదే. 1955లో మరొకటి. మొత్తం 12 టైటిళ్లు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇంత ఆడేవాడు చెస్‌నే వృత్తిగా ఎందుకు తీసుకోలేదు? ఆ రోజుల్లో చెస్ ప్రొఫెషనల్ అంటే ఊరూరా తిరగడం, ఎగ్జిబిషన్ గేమ్‌లు ఆడి డబ్బు సంపాదించడం, పత్రికలకు రాసుకోవడం. టోర్నీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. యూవేకి ఇల్లుంది, భార్య ఉంది, తర్వాత ముగ్గురు కూతుళ్లు. స్కూల్ జీతం నెల నెలా వస్తుంది. పైగా లెక్కలంటే ఆయనకు పొట్టకూటి విద్య కాదు, నిజంగానే ఇష్టం.

సెలవులొస్తేనే చెస్!

దీంతో ఆయన చెస్ జీవితం స్కూల్ క్యాలెండర్ చుట్టూ తిరిగింది. చూస్కుంటే ఆయన పెద్ద ఫలితాల్లో కొన్ని డిసెంబర్ ఆఖరు, జనవరి మొదట్లోనే కనిపిస్తాయి. 1926 డిసెంబర్‌లో మొదలై జనవరిలో ముగిసిన 10 గేమ్‌ల మ్యాచ్‌లో ఆయన ఎదురుగా కూర్చున్నది అలెఖిన్. కాపాబ్లాంకాతో టైటిల్ పోరుకు ముందు అలెఖిన్‌కు అది ప్రాక్టీస్. యూవే ఓడారు, కానీ 5.5-4.5తో. ఒక్క పాయింట్ తేడా! అదే ఏడాది ఆ అలెఖినే కాపాబ్లాంకాను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. సెలవుల్లో ఆడే టీచర్ ఎవరి దాకా వెళ్లగలిగారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ టోర్నీ కూడా క్రిస్మస్, కొత్త ఏడాది మధ్య జరిగేదే. 1930-31లో అక్కడ కాపాబ్లాంకాను వెనక్కి నెట్టి యూవే టైటిల్ కొట్టారు. అయితే ఆ వెంటనే అదే కాపాబ్లాంకాతో ఆడిన 10 గేమ్‌ల మ్యాచ్‌లో రెండు ఓడి, ఎనిమిది డ్రా చేసుకున్నారు. గెలుపు ఒక్కటీ లేదు. బొగొల్యుబొవ్‌తో రెండు మ్యాచ్‌లు ఆడితే రెండింట్లోనూ ఒక్కో పాయింట్ తేడాతో ఓటమి. పెద్దవాళ్లతో సమానంగా ఆడతాడు, ఆఖర్లో ఓ అడుగు తక్కువ పడుతుంది. పదేళ్ల పాటు ఇదే వరుస.

చెస్ గేమ్ ఎప్పటికీ ముగియకపోతే?

ఈ మధ్యలోనే ఆయన చేసిన ఓ పని చెస్ అభిమానుల్లో చాలామందికి తెలీదు. 1929లో ఓ గణిత పరిశోధనా వ్యాసం రాశారు. విషయం చెస్సే!

అప్పట్లో జర్మన్ రూల్ ఒకటుండేది. ఒకే వరుస ఎత్తులు వెంటవెంటనే మూడుసార్లు రిపీట్ అయితే గేమ్ డ్రా. ఈ రూల్ ఉంటే ఏ గేమ్ అయినా ఎప్పుడో ఒకప్పుడు ముగిసి తీరుతుందా? అవుననే అనిపిస్తుంది. కాదని యూవే నిరూపించారు.

ఎలాగంటే.. ముందు 0 రాయండి. 0 ఉన్న చోట 1, 1 ఉన్న చోట 0 వచ్చేలా మార్చి పక్కన చేర్చండి. 01 వస్తుంది. దీన్నీ అలాగే మార్చి పక్కన పెడితే 0110. మళ్లీ చేస్తే 01101001. ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. వింత ఏంటంటే, ఈ వరుసలో ఏ ముక్క తీసుకున్నా, అది చిన్నదైనా పెద్దదైనా, వరసగా మూడుసార్లు ఎక్కడా రాదు. ఇప్పుడు 0 అంటే ఇద్దరి ఎడమవైపు గుర్రాలూ బయటికెళ్లి తిరిగి రావడం, 1 అంటే కుడివైపు గుర్రాలు అదే పని చేయడం అనుకుందాం. ఆ వరుస ప్రకారం ఆడుతూ పోతే జర్మన్ రూల్ ఎప్పటికీ అడ్డురాదు, గేమ్ ఎప్పటికీ ముగియదు. ఇప్పటి రూల్ వేరు. ఎత్తుల వరుసను కాకుండా బోర్డుపై పొజిషన్‌ను చూస్తుంది కాబట్టి ఈ ట్రిక్ నడవదు.

ఈ అంకెల వరుసను అంతకుముందే నార్వేకి చెందిన థూ, అమెరికాకు చెందిన మోర్స్ కనిపెట్టారు. ఆ సంగతి తెలియకుండానే యూవే తన దారిన తాను అక్కడికి చేరుకున్నారు.

ఆ 30 గేమ్‌లు

1935 అక్టోబర్ 3న అలెఖిన్‌తో టైటిల్ మ్యాచ్ మొదలైంది. నెదర్లాండ్స్‌లోని రకరకాల ఊళ్లు తిరుగుతూ ఆడారు. శరీరాన్ని సిద్ధం చేసుకోవడం దగ్గర్నుంచి ఓపెనింగ్‌ల దాకా యూవే పరీక్షకు చదివినట్టే చదివారు. ఆయన బలమే అది. పద్ధతి.

మొదట్లో ఆ పద్ధతి ఏమీ పనిచేయలేదు. 9 గేమ్‌లు అయ్యేసరికి అలెఖిన్ 6-3తో ముందున్నారు. అయినా యూవే కంగారు పడలేదు. 10, 12, 14 గేమ్‌లు గెలిచి 7-7 చేశారు. అలెఖిన్ మళ్లీ రెండు పాయింట్లు లాగేశారు. 20, 21 గెలిచి యూవే మళ్లీ సమం చేశారు. 25వ గేమ్‌తో తొలిసారి ఆధిక్యంలోకి వచ్చారు.

ఆ తర్వాతి గేమ్ సముద్రం ఒడ్డున ఉండే జాండ్‌వూర్ట్‌లో. తెల్ల పావులతో ఆడిన యూవే తన గుర్రాన్ని వదిలేసి బదులుగా బంట్లు తీసుకున్నారు. ఆ బంట్లే బోర్డు మధ్యలో గోడలా ముందుకు కదిలి అలెఖిన్‌ను నలిపేశాయి. చెస్ పుస్తకాల్లో దానికి 'జాండ్‌వూర్ట్ ముత్యం' అని పేరు. 27వ గేమ్ అలెఖిన్ గెలిచినా మిగతా మూడూ డ్రా. యూవే 9 గెలుపులు, అలెఖిన్ 8, డ్రాలు 13.

ఆ మ్యాచ్ మాట వస్తే అలెఖిన్ తాగుడు గురించి చెప్పనివాళ్లు ఉండరు. తాగుడు ఉన్న మాట నిజమే. కానీ ఛాంపియన్ తాగి ఓడాడంతే అని తేల్చేస్తే యూవేకి అన్యాయం చేసినట్టే. మూడు పాయింట్లు వెనకబడి లేచిన మనిషి, జాండ్‌వూర్ట్ గేమ్ ఆడిన మనిషి ఎదుటివాడి సీసా పుణ్యాన గెలిచాడంటే నమ్మడం కష్టం.

రెండేళ్లకే చేజారింది

ఛాంపియన్ అయ్యాక రీమ్యాచ్ ఇవ్వకుండా ఏళ్ల తరబడి తప్పించుకున్న చరిత్ర చెస్‌లో ఉంది. కాపాబ్లాంకాకు అలెఖిన్ చేసింది అదే. యూవే మాత్రం 1937లోనే అలెఖిన్‌తో మళ్లీ కూర్చున్నారు. ఈసారి అలెఖిన్ మద్యం మానేసి, పూర్తిగా సిద్ధమై వచ్చారు. 15.5-9.5. టైటిల్ పోయింది.

ఇక్కడే లెక్క కుదరని చోటు కనిపిస్తుంది. 1935లో కొన్ని నెలల పాటు చెస్‌కు సర్వం ఇచ్చి గెలవొచ్చు. ఏళ్ల తరబడి అలా ఇవ్వడానికి ఉద్యోగం ఉన్నవాడికి వీలుకాదు. 1948లో అది ఇంకా గట్టిగా తెలిసొచ్చింది. ఛాంపియన్‌గానే అలెఖిన్ చనిపోవడంతో, కొత్త ఛాంపియన్ కోసం ఐదుగురితో టోర్నీ పెట్టారు. ఐదింట రెండు వంతుల ఆటలు యూవే సొంత దేశంలోని ది హేగ్‌లో, మిగతావి మాస్కోలో. బోట్విన్నిక్ 14 పాయింట్లతో గెలిచారు. 46 ఏళ్ల యూవేకి 20 గేమ్‌లలో 4 పాయింట్లు. ఆఖరి స్థానం. అంతకు రెండేళ్ల ముందే గ్రోనింగెన్‌లో అదే బోట్విన్నిక్‌కు అర పాయింట్ తేడాతో రెండో స్థానంలో నిలిచిన మనిషి!

ఆడటం మాత్రం ఆపలేదు. బెవర్‌వైక్‌లో జరిగే హూగొవెన్స్ టోర్నీని మొత్తం నాలుగుసార్లు గెలిచారు. ఇప్పుడది విక్ ఆన్ జీలో జరిగే టాటా స్టీల్ చెస్. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2022లో ఛాలెంజర్స్ విభాగం గెలిచింది అక్కడే. 1957లో న్యూయార్క్‌లో ఓ టీనేజ్ కుర్రాడితో రెండు గేమ్‌లు ఆడి, ఒకటి గెలిచి ఒకటి డ్రా చేసుకున్నారు యూవే. ఆ కుర్రాడి పేరు బాబీ ఫిషర్.

స్కూల్ నుంచి కంప్యూటర్‌కు

1950ల్లో యూవే దృష్టి కంప్యూటర్ల మీద పడింది. వయసు యాభై దాటింది. నెదర్లాండ్స్‌లో ఆ రంగం అప్పుడప్పుడే మొదలవుతోంది. ఆటోమేటిక్ డేటా ప్రాసెసింగ్ పరిశోధనా కేంద్రానికి డైరెక్టర్ అయ్యారు. కంప్యూటర్‌తో చెస్ ఆడించడం సాధ్యమేనా అని చూసేందుకు యూరప్ అణుశక్తి సంస్థ యూరాటమ్ వేసిన కమిటీకి నాయకత్వం వహించారు. 1964లో ఇన్ఫర్మాటిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. 1971లో రిటైరయ్యే దాకా రోటర్‌డామ్, టిల్‌బర్గ్‌లలో పాఠాలు చెప్పారు. అన్నేళ్లూ వేర్వేరు దార్లలో నడిచిన లెక్కలు, చెస్ ఇక్కడికొచ్చి ఒకే బల్ల మీద కూర్చున్నాయి. ఈ మధ్యలో రాసిన చెస్ పుస్తకాలు 70కి పైనే.

ఇంకా ప్రొఫెసర్‌గా ఉండగానే, 1970లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే అధ్యక్ష పదవి వచ్చింది. అది పూల పాన్పు కాదు. 1972లో రెయిక్యావిక్‌లో ఫిషర్-స్పాస్కీ మ్యాచ్‌కు ఫిషర్ టైముకు రాలేదు. రూల్ పట్టుకుని వేటు వేస్తే మ్యాచే ఉండదు. యూవే రెండు రోజులు వాయిదా వేశారు. సోవియట్లు మండిపడ్డారు. రూల్ ప్రకారం వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ వాయిదా లేకపోతే చెస్ చరిత్రలోనే అత్యంత పేరున్న మ్యాచ్ జరిగేది కాదు. మూడేళ్ల తర్వాత ఫిషర్ పెట్టిన షరతులన్నీ ఫిడే ఒప్పుకోకపోవడంతో ఆయన ఆడనేలేదు. టైటిల్ కార్పోవ్‌కు వెళ్లింది. 1976లో కోర్చ్‌నోయ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో టోర్నీ ఆడటానికొచ్చి తిరిగి సోవియట్ యూనియన్‌కు వెళ్లనన్నారు. ఆయన్ను టైటిల్ రేసు నుంచి తప్పించాలని మాస్కో పట్టుబట్టింది. యూవే ఒప్పుకోలేదు. కోర్చ్‌నోయ్ ఆడారు, 1978లో కార్పోవ్‌తో టైటిల్ మ్యాచ్ దాకా వెళ్లారు. యూవే పదవి ముగిసింది కూడా ఆ ఏడాదే.

1981 నవంబర్ 26న గుండెపోటుతో యూవే కన్నుమూశారు. వయసు 80.

ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున ఇప్పుడు ఆయన పేరుతో ఓ చౌక్ ఉంది. దాన్ని ఆనుకునే ఆయన పేరుతోనే ఓ చెస్ కేంద్రం. బయట నేల మీద పెద్ద చెస్ బోర్డు, రెండు చేతులతో ఎత్తి పెట్టాల్సినంత పావులు. ఆడేది ఇద్దరే అయినా, చుట్టూ చేరినవాళ్లంతా తలో ఎత్తు చెబుతూనే ఉంటారు.