గురజాడ అప్పారావుగారు

లోకమును ఉన్నదున్నట్లు చూపు సాహిత్యమార్గమునకు వాస్తవికత యని పేరు. యూరపు ఖండమున 19వ శతాబ్దమున నిది బలపడెను. ఫ్రాన్సులో బాల్జాక్, ఫ్లోబేర్, నార్వేలో ఇబ్సెన్ సామాన్య గృహస్థుల అప్పులను, పెండ్లిండ్లను, కపటములను చిత్రించిరి. తెలుగున నీ మార్గము త్రొక్కినవారిలో అగ్రగణ్యులు గురజాడ వేంకట అప్పారావుగారు.

వీరు 1862లో విశాఖమండలమందలి రాయవరమున జన్మించిరి. విజయనగరమున చదివి, అచ్చటి మహారాజా కళాశాలలో ఉపన్యాసకులై, ఆనందగజపతి మహారాజుగారి యాదరమును పొందిరి. ఆ కాలమున కొన్ని బ్రాహ్మణ కుటుంబములలో ధనము గొని పసిబాలికలను వృద్ధులకిచ్చు దురాచార ముండెను. విశాఖమండలమున మూడేండ్లలో జరిగిన యట్టి వివాహములను లెక్కింపగా 1,034 తేలినవి. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు! ఈ లెక్కను అప్పారావుగారు తమ నాటకపు పీఠికలో చూపిరి.

ఆ నాటకమే ‘కన్యాశుల్కము’. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. 1909లో దానిని పెంచి తిరుగ వ్రాసిరి. అందలి గిరీశము, మధురవాణి, రామప్పంతులు మన యిరుగుపొరుగువారివలె మాటలాడుదురు. గ్రాంథికమునకే గౌరవమున్న దినములలో వాడుకభాషను రంగమెక్కించుట సాహసమే. 1910లో ‘దిద్దుబాటు’ కథను వెలువరించి, 1915 నవంబరు 30న కీర్తిశేషులైరి.

మా హూడిలో వీధిని కన్నడము, ఇంటిని తెలుగు వినబడును. కన్నడపు పలుకులు కలిసిన యింటిమాటను నలుగురిలో పలుకుటకు మాలో కొందరము సిగ్గుపడుచుంటిమి. అప్పారావుగారి చరిత్రము చదివిన పిమ్మట ఆ సిగ్గు తగ్గినది. ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాసినను, అవ్వ చెప్పు మాటలను చెప్పినట్లే వ్రాసికొన నారంభించితిమి. చదువరులైన మిత్రులును అట్లే చేయుదురుగాక!