ఇనుప రజనుకు పని నేర్పిన జేకబ్ రాబినో

పిల్లలూ! నూనెలో మెత్తటి ఇనుప రజను కలిపితే ఏమవుతుంది? నల్లటి మడ్డి అవుతుంది, అంతేగా అంటారు. నిజమే. గరిటెతో తిప్పితే అట్ల పిండిలా తిరుగుతుంది. కాని దాని పక్కన బలమైన అయస్కాంతం పెట్టారనుకోండి, కన్ను మూసి తెరిచేలోగా బిగుసుకుపోతుంది. అయస్కాంతం తీసేస్తే మళ్ళీ జారుగా మారుతుంది. ఈ వింత చేత యంత్రాలలో పని చేయించిన ఇంజనీరు జేకబ్ రాబినో. మనలాగే వేరే దేశం నుంచి అమెరికా వచ్చిన కుటుంబం ఆయనది.

రాబినో 1910లో ఖార్కివ్ నగరంలో పుట్టారు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే రష్యా విప్లవం ఆ కుటుంబాన్ని ఒక చోట నిలవనీయలేదు. సైబీరియా వెళ్ళారు, అక్కడినుంచి చైనా వెళ్ళారు. చైనాలో తండ్రి చనిపోయారు. 1921లో తల్లి తన పిల్లలను వెంటబెట్టుకుని న్యూయార్క్ చేరింది. అప్పటికి జేకబ్‌కు పదకొండేళ్ళు.

సిటీ కాలేజ్ ఆఫ్ న్యూయార్క్‌లో ఇంజనీరింగ్ చదివి 1933లో డిగ్రీ, మరుసటి ఏడాది పై డిగ్రీ పొందారు. అది అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. చదువుకు తగ్గ ఉద్యోగాలు దొరికేవి కావు. చివరికి 1938లో వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే ప్రభుత్వ సంస్థలో చేరారు. ఈనాటి నిస్ట్ అదే.

ఇక మన ఇనుప రజను కథకు వద్దాం. కారులో ఇంజను తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడును చక్రాలకు అందించడానికీ, ఆపడానికీ మధ్యలో క్లచ్ ఉంటుంది. మామూలు క్లచ్‌లో రెండు పళ్ళేలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి, క్రమంగా అరిగిపోతాయి. రాబినో ఆ పళ్ళేలను తగలనీయకుండా కాస్త సందు వదిలి, ఆ సందులో ఇనుప పొడి కలిపిన నూనె నింపారు. చుట్టూ తీగచుట్ట పెట్టారు. కరెంటు పారగానే తీగచుట్ట అయస్కాంతమవుతుంది. అంతవరకు విడివిడిగా ఉన్న రేణువులు చేయీ చేయీ పట్టుకున్న పిల్లల్లా గొలుసులు కట్టి, ఒక పళ్ళేన్ని రెండోదానికి బిగిస్తాయి. రెండూ కలిసి తిరుగుతాయి. కరెంటు పెంచితే పట్టు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది, ఆపేస్తే వదిలేస్తుంది. 1948లో ఈ క్లచ్ సంగతి లోకానికి తెలిసింది. 1951లో పేటెంటు వచ్చింది.

అయితే ఒక చిక్కు మిగిలింది. ఇనుము నీటికన్నా దాదాపు ఎనిమిది రెట్లు బరువు. యంత్రాన్ని కొన్నాళ్ళు వాడకుండా వదిలేస్తే, పప్పుచారులో పప్పు అడుగుకు చేరినట్లు ఇనుము అడుగున పేరుకుపోతుంది. గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఆ రేణువుల రాపిడికి యంత్రం లోపలి భాగాలూ అరుగుతాయి. అందువల్ల నూనె లేకుండా పొడి రజనుతో పనిచేసే క్లచ్‌లూ, బ్రేకులే కర్మాగారాల్లో ఎక్కువగా నిలదొక్కుకున్నాయి. కాగితం, తీగ చుట్టే యంత్రాల్లో వాటిని వాడతారు. 1987లో సుబారు కంపెనీ తన చిన్న కారు జస్టీలో అలాంటి క్లచ్ పెట్టింది.

నూనె కలిపిన ద్రవాన్ని మాత్రం తరువాతి తరం శాస్త్రజ్ఞులు బాగుచేయవలసి వచ్చింది. వారు పట్టుకున్న ఉపాయాల్లో ఒకటి పాలిమర్ పూత. వేరుశనగ గింజకు బెల్లం పాకం పట్టించినట్లు, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఒక్కొక్క ఇనుప రేణువుకు పల్చని ప్లాస్టిక్ వంటి పొర పట్టిస్తారు. దాంతో తుప్పు తగ్గుతుంది, రేణువులు ముద్దకట్టవు, అడుగుకు దిగడం నెమ్మదిస్తుంది. పూత మరీ మందమైతే ఇనుము పాలు తగ్గి పట్టు సడలుతుంది. అందుకే పాకం ముదరకుండా చూసుకున్నట్లు ఇక్కడా కొలత చూసుకోవాలి.

2002లో కాడిలాక్ సెవిల్ కారులో ఇలాంటి అయస్కాంత ద్రవం నింపిన షాక్ అబ్జార్బర్లు వచ్చాయి. రోడ్డు గతుకులను బట్టి అవి క్షణంలో గట్టిపడతాయి, మెత్తబడతాయి. కాని ఆ కారు చూడటానికి రాబినో లేరు. 1999 సెప్టెంబరు 11న, 89వ ఏట కన్నుమూశారు.

ఆయన ఒక్క ఆలోచన దగ్గరే కూర్చున్న మనిషి కాదు. అక్షరాలను చదివే యంత్రం, ఉత్తరాలను వేరుచేసే యంత్రం, కారు గడియారం తనంతట తాను సరిచూసుకునే ఏర్పాటు, ఇలా 200కు పైగా అమెరికా పేటెంట్లు సంపాదించారు. 1954లో సొంత కంపెనీ పెట్టుకున్నారు. 1972లో మళ్ళీ పాత సంస్థకే తిరిగివచ్చారు. పెద్దవయసులో, కొత్తవి కనిపెట్టడంలోని ఆనందం గురించి పుస్తకం కూడా రాశారు.

పిల్లలూ, మీ ఆలోచన వెంటనే ఫలించకపోతే దిగులుపడకండి. మామిడి మొక్క నాటినవారే పండు తినాలని లేదుగా! తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ అబ్బాయో, అమ్మాయో పాడైన గడియారం విప్పి నేలమీద పరుచుకుని కూర్చుంటే వెంటనే కోప్పడకండి. పక్కన కూర్చుని, ఏ ముక్క ఏం పని చేస్తుందో అడగండి. ఆ కబుర్లు తెలుగులో సాగితే మరీ మంచిది.