నాగరత్నమ్మ కట్టించిన మందిరం

తిరువయ్యూరు ఆరాధనోత్సవం జరిగినప్పుడల్లా నాకు గాయకులకన్నా ముందు ఆ మందిరం కట్టించిన స్త్రీ గుర్తుకు వస్తుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యంలో దేవదాసి బిడ్డగా జన్మించారు. నాట్యం, సంగీతం, సంస్కృతం అభ్యసించి మద్రాసు కచేరీలలో విశేషంగా గడించారు.

పాడటంతో ఆమె ఆగలేదు. తంజావూరు ఆస్థాన విదుషి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి 1910లో అచ్చువేయించారు. పురుష కవులకు చెల్లిన శృంగారం భోగం స్త్రీ కలానికి చెల్లలేదు. వీరేశలింగం నిందించిన ఆ కావ్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. సంస్కర్తల చూపులోనూ కులం ఉంటుందని ఈ ఉదంతం చదివాకే నాకు తెలిసింది. 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధాన్ని తొలగించారు.

శిథిలమైన త్యాగరాజ సమాధిపై ఆమె తన ఆస్తి వెచ్చించి 1925 నాటికి మందిరం నిలిపారు. అయినా ఆరాధన నడిపే బ్రాహ్మణ విద్వాంసులు అక్కడ స్త్రీలను పాడనివ్వలేదు. ఆమె స్త్రీలను కూడగట్టి మందిరం వెనుక వేరుగా ఆరాధన జరిపించారు. దేవదాసీ వ్యవస్థ రద్దును ఆమె వ్యతిరేకించడాన్ని నేను సమర్థించను. కానీ ఆస్తిహక్కు, కళ పోతాయన్న ఆమె భయం నిరాధారం కాదు. 1952లో మరణించిన ఆమె సమాధి త్యాగరాజ మందిరం సమీపంలోనే ఉంది.