చేతులు మారిన కంపెనీ, మారని మందు
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం)

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి బోదకాలు అంటే ఏమిటో పుస్తకం చూసి తెలుసుకోవలసిన పనిలేదు. మా అమ్మమ్మకి కుడికాలు బోదకాలు. పేరంటానికి పిలుపొస్తే చీర కుచ్చిళ్ళు మడమల దాకా దించుకుని వెళ్ళేది, వెళ్ళినచోట గోడవారగా కూర్చునేది. నెలకోసారి చలిజ్వరం వచ్చి దుప్పట్లు కప్పుకుని వణికేది. ఫైలేరియా ఆఫీసువాళ్ళు రాత్రి పూట టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ వచ్చి వేలిమీద సూదితో గుచ్చి రక్తం తీసుకునేవారు. పగలు రాకుండా ఈ అర్ధరాత్రి రావడమేమిటని పెద్దవాళ్ళు విసుక్కునేవారు. ఆ పురుగుల పిల్లలు రాత్రివేళే రక్తంలోకి బయలుదేరతాయని, దోమ కుట్టే వేళకి సరిగ్గా హాజరవుతాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజుల్లో మా చేత మింగించిన తెల్లమాత్ర పేరు డి.ఇ.సి. పూర్తి పేరు డైఇథైల్ కార్బమజీన్. అది వాచిన కాలుని తిరిగి మామూలు కాలు చెయ్యలేదు. కాని రక్తంలో తిరిగే పురుగుపిల్లల్ని చంపి, దోమ ద్వారా అవి పక్కింటి పిల్లవాడికి అంటకుండా చెయ్యగలదు. ఈ మందుని ప్రపంచానికి అందించిన పరిశోధక బృందానికి నాయకుడు మన తెలుగువాడు. ఆ బృందం పనిచేసిన సంస్థ చిన్నదిగా పుట్టి ఒక పెద్ద కంపెనీ చేతిలో పడింది. ఆ పెద్దదాన్ని ఇంకా పెద్దది కొనేసింది, దాన్ని మరొకటి కొనేసింది. కంపెనీలు కంపెనీలని మింగి ఎలా పెరుగుతాయో కామర్సు విద్యార్థులు పుస్తకాల్లో చదువుకుంటారు. ఒక మనిషి జీవితంలోంచి చూస్తే ఆ సంగతి మరింత బాగా బోధపడుతుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. బుద్ధిమంతుడైన విద్యార్థి అని చెప్పడానికి వీల్లేదు. పదమూడో ఏట డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయి కాశీ దారి పట్టారు. యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి ధనవంతుడైపోవాలని ఆలోచన! తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తండ్రి పోయాక తల్లి నగలమ్మి చదివించింది. పరీక్ష తప్పి హాస్టలు గదిలో ముసుగుతన్ని పడుకున్న మన మిత్రులు ఎవరైనా ఉంటే ఈ భాగం రెండుసార్లు చదువుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీ చదువు తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు, ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళారు. సర్జరీ చెప్పే దొరగారికి అది నచ్చలేదు. పరీక్ష పేపర్లు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెబుతూ కాలం గడిపారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ, మనవాళ్ళు సంగ్రహణి అంటారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కరిగిపోతాడు. అదే జబ్బు తర్వాత సుబ్బారావు గారికీ పట్టుకుంది. లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడ్డారు. అన్నదమ్ములని తీసుకుపోయిన ఆ జబ్బుకి మూలమేమిటన్న ప్రశ్న ఆయన్ని జన్మంతా వదల్లేదు.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతోను 1923 అక్టోబరులో బోస్టన్ నగరంలో దిగారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాకి సీటు దొరికింది గాని జీవనోపాధి లేదు. ఆసుపత్రిలో రాత్రి పూట పనివాడిగా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, డాక్టరు పట్టా చేతిలో పెట్టుకుని ఆ పని చేసిన మనిషి, దానిగురించి ఎక్కడా దుఃఖపడినట్టు కనిపించదు. ఇండియాలో వదిలి వచ్చిన భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనేలేదు. గొప్పవాళ్ళ జీవితచరిత్రల్లో ఇటువంటివి రెండు వాక్యాల్లో తేలిపోతాయి. ఆ ఇంట్లో మాత్రం అవి ఏళ్ళకేళ్ళు నడిచి ఉంటాయి.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయనశాస్త్రంలో చేరారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది లాబొరేటరీల్లో స్థిరపడింది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతానికి అప్పట్లో తిరుగులేదు, ఆ పరిశోధనలకి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ని చూపించి ఈ ఇద్దరూ ఆ సిద్ధాంతాన్ని కదిలించేశారు. 1929లో ఎ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో లోమన్ అదే ఏడాది అదే పదార్థాన్ని కనిపెట్టాడు. మన ఇంటర్మీడియట్ పిల్లలు బట్టీపట్టే ఎ.టి.పి. వెనక భీమవరం మనిషి ఉన్నాడని ఎందరు లెక్చరర్లు చెబుతున్నారో తెలియదు.

1930లో హార్వర్డు డాక్టరేటు వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. సుబ్బారావు గారి పనిలో కొంత భాగం ఫిస్కే అసూయవల్ల వెలుగు చూడలేదని, దాన్ని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని, 1988లో నోబెల్ అందుకున్న ఆనాటి సహచరుడు జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. మొత్తంమీద విశ్వవిద్యాలయం తలుపు తెరవలేదు. 1940లో తలుపు తెరిచినది ఒక మందుల కంపెనీ.

ఇక్కడ కొంచెం ఆగి ఆ కంపెనీ కథ చెప్పుకోవాలి. న్యూయార్కు నగర ఆరోగ్యాధికారిగా పనిచేసిన డాక్టర్ ఎర్నెస్ట్ లెడర్లీ 1906లో పెర్ల్ రివర్ అనే పల్లెటూళ్ళో పొలం కొని, గుర్రాలు పెంచి, వాటి రక్తంనుంచి డిఫ్తీరియాకి విరుగుడు సీరం తీసే సంస్థ పెట్టాడు. 1907లో మరోచోట అమెరికన్ సయనమిడ్ అనే కంపెనీ పుట్టింది. దాని పని గాలిలోని నత్రజనిని పట్టి ఎరువు చెయ్యడం. ఎరువులవాడికి సీరంతో ఏం పని? ఎరువుల ధర ఒక ఏడు పెరుగుతుంది, ఒక ఏడు పడిపోతుంది. ఒక్క సరుకుమీద ఆధారపడితే మునిగిపోతామని సయనమిడ్ పెద్దలకి అర్థమైంది. చేతిలో డబ్బుంది. కొత్త వ్యాపారం మొదటినుంచి కట్టుకురావాలంటే పదేళ్ళు పడుతుంది, అదీ కుదురుతుందన్న నమ్మకం లేదు. కట్టి ఉన్నదాన్ని కొనేస్తే పనివాళ్ళు, లైసెన్సులు, డాక్టర్లలో ఉన్న పేరు, అమ్మే ఏజెంట్లు అన్నీ ఒక్క సంతకంతో వచ్చేస్తాయి. అలా 1929లో రంగుల కంపెనీ కాల్కోని, 1930లో ఆపరేషన్లలో కుట్లు వేసే దారాలు చేసే డేవిస్ అండ్ గెక్ ని, అదే ఏడు లెడర్లీని కొన్నారు. బొబ్బిలి యుద్ధం కథ వింటూ పెరిగిన మనకి ఒక సంస్థానం ఇంకో సంస్థానం మీద పడడం కొత్తగాదు. ఇక్కడ ఫిరంగులు లేవు, చెక్కుపుస్తకం ఉంది. అంతే తేడా.

ఈ కొనుగోలు వల్ల మంచి జరిగిందా, చెడు జరిగిందా? సుబ్బారావు గారి విషయంలో, న్యాయంగా చెప్పాలంటే, మంచే జరిగింది. రంగులమీద, ఎరువులమీద వచ్చిన డబ్బు పెర్ల్ రివర్ లాబొరేటరీకి ప్రవహించింది. గుర్రాలశాల దగ్గర మొదలైన సంస్థలో ఆయన కొద్దికాలానికే పరిశోధనకి డైరెక్టరై, వందలమంది శాస్త్రజ్ఞుల్ని నడిపించారు. హార్వర్డులో ఒక సీసాకి, ఒక త్రాసుకి వెతుక్కున్న మనిషికి ఇక్కడ అడిగినది అందింది. ఆ ఎనిమిదేళ్ళలో జరిగిన పని చూస్తే గుండె ఝల్లుమంటుంది.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకి మందని వెంటనే తేలింది. పాతికేళ్ళ కిందట అన్నదమ్ములకి అందని మందు అది. ఈనాడు మన పల్లెల్లో గర్భిణీ స్త్రీలకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లం కణాల్ని పెంచుతుంటే, దానికి అడ్డుపడే పదార్థం విచ్చలవిడిగా పెరిగే కణాల్ని ఆపుతుందేమో కదా? ఆ తర్కంతో అమినోప్టెరిన్ తయారైంది. బోస్టన్ లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సరుతో చనిపోతున్న పసిపిల్లలకి ఇచ్చాడు. పదహారుమందిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సరుకి, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికన్ సిపాయిలకి ఫైలేరియా సోకింది. అప్పటిదాకా మన కాళ్ళని పట్టించుకోని ప్రపంచం అప్పుడు కదిలింది. లెడర్లీలో రకరకాల రసాయనాల్ని ఎలుకలమీద పరీక్షించగా 1947లో హెట్రజాన్ బయటపడింది. అదే మన డి.ఇ.సి.

మరొకటి కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయం రిటైరు చేసిన, డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ని లెడర్లీ ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ వృద్ధుడు మట్టిలోని సూక్ష్మజీవిలోంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948 జూలైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టులో ఒకరోజు ఉదయం సుబ్బారావు గారు నిద్రలేవలేదు. గుండె ఆగిపోయింది. వయస్సు 53. భారతదేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పాతికేళ్ళు అక్కడున్నా అమెరికా పౌరుడు కాలేదు. నోబెల్ రాలేదు. తన పేరుని ముందుకి తోసుకునే అలవాటు ఆయనకి లేదు. ఆయన తీసినవన్నీ కంపెనీ సరుకుగానే బజారుకెళ్ళాయి. 1995లో శతజయంతికి మన తపాలాశాఖ ఒక స్టాంపు వేసింది.

ఆ తర్వాత కంపెనీ ఏమైంది? మింగి పెరిగినది మింగబడింది. సయనమిడ్ 1993లో కూడా ఇమ్యునెక్స్ అనే జీవసాంకేతిక సంస్థలో సగానికి పైగా వాటా కొన్నది. మరుసటి ఏడాదే, 1994లో, అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ దాదాపు 970 కోట్ల డాలర్లకి సయనమిడ్ నే కొనేసింది. 2000లో దాని వ్యవసాయ మందుల శాఖని జర్మనీ బి.ఎ.ఎస్.ఎఫ్.కి అమ్మేశారు. 2002లో అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ తన పేరు వయెత్ అని మార్చుకుంది. 2009లో ఫైజర్ సుమారు 6,800 కోట్ల డాలర్లు పెట్టి వయెత్ ని కొన్నది. పెర్ల్ రివర్ ఆవరణలో చాలా భాగం తర్వాత అమ్ముడుపోయింది, టీకాల పరిశోధన మాత్రం ఉంచారు. 2020లో కోవిడ్ టీకా పనిలో ఆ ఊరి లాబొరేటరీకీ భాగం ఉంది. లెడర్లీ అన్న పేరు మాత్రం బోర్డుమీద లేదు.

కంప్యూటర్ల కాలంలో ఇదే కథ వేగంగా నడుస్తోంది. గూగుల్ 2006లో యూట్యూబ్ ని కొన్నది, ఫేస్ బుక్ 2014లో వాట్సాప్ ని కొన్నది. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ 2009లో టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. పెద్ద కంపెనీ చిన్నదాన్ని కొనేటప్పుడు మూడు కారణాలు ఉంటాయి. ఒకటి, తన దగ్గర లేని పనితనం కావాలి. రెండు, తయారైన ఖాతాదారులు కావాలి. మూడు, రేపు తనకి పోటీ వచ్చేవాణ్ణి ఈరోజే ఇంట్లో పెట్టుకోవాలి. మొదటి కారణంతో కొన్నచోట పరిశోధన పెరగవచ్చు. మూడో కారణంతో కొన్నచోట తలుపులు మూతపడతాయి. లెడర్లీని మొదటి కారణంతో కొన్నారు కాబట్టి సుబ్బారావు గారికి చోటు దొరికింది. ఈ కాలేజీ నుంచి వెళ్ళి రేపు చిన్న కంపెనీలో చేరేవాళ్ళు, లేక సొంతంగా పెట్టేవాళ్ళు ఉంటారు. కొనడానికి వచ్చినవాడు ఎంత ఇస్తాడని అందరూ అడుగుతారు. ఏ కారణంతో వచ్చాడో కూడా అడగాలి.

ఇంకొక ప్రశ్న ఉంది, అది మన జిల్లాలది. బోదకాలు బీదవాడి జబ్బు, మురుగుకాలవ పక్కన కాపురముండేవాడి జబ్బు. అందులో లాభం లేదు. సిపాయిలకి రాకపోతే ఆ ఎలుకల పరీక్షలు జరిగేవా? మందు పుట్టాక కూడా దాన్ని ఊరూరా చేర్చినది కొనుగోలుదార్లు కాదు. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం, ఆ రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని తిరిగిన చిన్న ఉద్యోగులు, 2004 నుంచి ఏటా ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మాత్ర మింగించిన ఆరోగ్య కార్యకర్తలు చేర్చారు. మనలో ఎంతమంది ఆ మాత్ర తీసుకుని, వాళ్ళు గుమ్మం దాటగానే పెరట్లో పారేశామో మనకే తెలుసు. నేనూ పారేశాను.

చివరికో మాట. జపాను కంపెనీ ఐసాయ్ 220 కోట్ల డి.ఇ.సి. మాత్రలు ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఉచితంగా ఇస్తానని ఒప్పుకుంది. ఆ మాత్రలు తయారైనది మన విశాఖపట్నంలో. భీమవరంలో పుట్టిన మనిషి పెర్ల్ రివర్ లో తీసిన మందు, నాలుగు కంపెనీల పేర్లు మారిపోయాక, మన పక్క ఊళ్ళో అచ్చుపోసుకుని ఎక్కడెక్కడి దేశాలకో ఓడెక్కింది. మా అమ్మమ్మ దీన్ని చూడలేదు. ఈసారి మాత్రతో ఎవరైనా గుమ్మంలోకి వస్తే మంచినీళ్ళు తెచ్చుకుని వాళ్ళ ఎదురుగానే మింగుదాం. సుబ్బారావు గారికి మనం చెయ్యగలిగిన సన్మానం అదే.