జార్జి ఈస్ట్‌మన్ జీవితము

ఇట్టి రజతోత్సవ సంచికలను చేతబట్టిన పాఠకుడు మొదట తిరుగవేసి చూచునది అందలి బొమ్మలనే. గతించిన పెద్దల ముఖములను మనకొరకు దాచియుంచిన విద్య ఛాయాచిత్రణము. ఆ విద్యను నిపుణుల చీకటిగదుల నుండి సామాన్యుని చేతికి అందించిన కృషీవలుడు జార్జి ఈస్ట్‌మన్. కొడాక్ అను పేరు విననివారు అరుదు. ఆ పేరు వెనుకనున్న మనుష్యుని ఎరిగినవారు కొలదిమందియే. కాలము గడచినకొలది చెడిపోవు సరకును అమ్మి బ్రదుకవలసిన వర్తకుడు తన మాటను చెడనీయక ఎట్లు నిలుపుకొనెనో ఆయన జీవితము మనకు తెలుపును.

ఈస్ట్‌మన్ 1854 జూలై 12వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమందలి వాటర్‌విల్ అను చిన్న ఊర జన్మించెను. తండ్రి రోచెస్టరు పట్టణమున వాణిజ్య విద్యాలయమొకటి నడుపుచుండెను. 1862లో తండ్రి మరణించుటతో ఆ కుటుంబమునకు కష్టకాలము దాపురించెను. తల్లి మరియా తన ఇంట బసచేయువారికి భోజనవసతులు కల్పించి, వచ్చిన సొమ్ముతో పిల్లలను పోషించెను. ఇద్దరు అక్కలలో ఒకతె పోలియో వ్యాధిచే అవిటిదై, 1870లో కన్నుమూసెను. ఇంటి స్థితి చూచి జార్జి 14వ ఏటనే బడి మానెను. భీమా కార్యాలయమున వారమునకు 3 డాలర్ల జీతముపై చిన్న పనులు చేయు కుర్రవాడుగా చేరి, 1874లో రోచెస్టరు సేవింగ్సు బ్యాంకున గుమాస్తా అయ్యెను.

1877లో ఆయన సెలవుపై శాంటో డొమింగో చూచిరావలెనని తలచెను. అచటి దృశ్యములను పటములుగా తీసికొనివచ్చుట మంచిదని ఒకరు సలహా చెప్పగా కెమేరా కొనెను. ఆ కాలపు కెమేరా వంటింటి పొయ్యి యంత పెట్టె. దానితోపాటు ముక్కాలిపీట, గుడారము, గాజుపలకలు, మందునీళ్ల సీసాలు, నీటితొట్టి మోసికొని పోవలెను. గుడారములో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే పటము తీసి, వెంటనే కడుగవలెను. ఈస్ట్‌మన్ ఆ ప్రయాణము చేయనేలేదు. కాని ఇంత బరువు లేకుండ పటము తీయు ఉపాయము లేదా అను ప్రశ్న ఆయనను విడువలేదు.

గ్రంథాలయ సభ్యులు ఇచట గుర్తింపదగిన విషయమొకటి కలదు. ఈస్ట్‌మన్ కళాశాల మెట్లెక్కినవాడు కాడు. ఆయనకు దారిచూపినది ఇంగ్లండున వెలువడిన ఛాయాచిత్రకళా పత్రిక. జిలాటిన్ అను జిగురుపదార్థములో రజతలవణములను కలిపి గాజుపై పూసి ఆరనిచ్చినచో, ఆ పలక పొడిగానే పనిచేయునని 1878లో ఆయన అందు చదివెను. పగలు బ్యాంకులో లెక్కలు వ్రాసి, రాత్రులు తల్లి వంటింట మందులు కాచి ప్రయోగములు చేసెను. పలకలకు మందు సమముగా పూయు యంత్రమును కల్పించి, 1879లో లండనులోను, మరుసటి ఏట అమెరికాలోను దానికి హక్కుపత్రములు పొందెను. 1881లో, కొరడాల వ్యాపారియు తన ఇంటివారికి మిత్రుడునగు హెన్రీ స్ట్రాంగు పెట్టుబడితో ఈస్ట్‌మన్ డ్రై ప్లేటు కంపెనీ నెలకొల్పి, ఆ ఏడే బ్యాంకు ఉద్యోగము మానివేసెను.

పొడిపలకకు నిలువయుండుటయే గొప్ప గుణము. ఆ గుణమునందే దోషమును దాగియుండెను. కొలది కాలములోనే వర్తకుల యొద్దనుండి ఫిర్యాదులు రాసాగెను. దుకాణములలో నెలల తరబడి నిలువయున్న పలకలు వెలుతురును గ్రహించు శక్తిని కోల్పోవుచుండెను. పలకలకు కూడ వయస్సు కలదని ఈస్ట్‌మన్‌కు అప్పుడు తెలిసెను. కంపెనీ పసికూన, చేతిలో మిగులు సొమ్ము లేదు. సరకు అమ్ముడైనది గావున నష్టము కొన్నవారిదే యని ఊరకుండుటకు అవకాశము కలదు. ఆయన అట్లు చేయలేదు. వర్తకుల వద్దనున్న చెడిన పలకలను వెనుకకు తెప్పించి, బదులు మంచి పలకలు పంపెను. సంస్థ ధనము దాదాపు హరించెను గాని ఆయన పేరు నిలిచెను.

1882లో మరియొక పిడుగు పడెను. క్రొత్తగా చేసిన పలకలును పనిచేయవయ్యెను. సూత్రము అదే, మందులవే, పనివారు వారే. రేయింబవళ్లు ప్రయోగములు చేసినను కారణము చిక్కలేదు. కార్ఖానా మూసి, ఇంగ్లండునకు పోయి, న్యూకాసిల్ నగరమున మాసన్ అండ్ స్వాన్ సంస్థవారి సూత్రమును కొని, పని నేర్చుకొని తిరిగివచ్చెను. దోషము జిలాటిన్‌లో కలదని అప్పుడు తేలెను. జిలాటిన్ పశువుల చర్మము, ఎముకల నుండి తీయు పదార్థము. అందలి రహస్యము మాత్రము 1925 ప్రాంతమున గాని బయటపడలేదు. ఈస్ట్‌మన్ 1912లో స్థాపించిన పరిశోధనాలయమున షెప్పర్డు అను శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. ఆవజాతి మొక్కలను మేసిన పశువుల జిలాటిన్‌లో లేశమాత్రముగా చేరు గంధక పదార్థములే పలకకు చురుకుదనము నిచ్చుచుండెను. ఆవులు మేయని ఆవమొక్క ఒక కార్ఖానాను మూయించగలదని ఎవరు తలంతురు?

అటుపిమ్మట ఆయన గాజును విడిచి, చుట్టగా చుట్టదగిన ఫిల్మువైపు మరలెను. మొదట కాగితముపై మందు పూయించెను. 1888లో కొడాక్ కెమేరా వెలువడెను. దాని వెల 25 డాలర్లు. అందు 100 పటములకు చాలిన ఫిల్ము ముందే అమర్చబడియుండెను. పటములు తీసి పెట్టెను రోచెస్టరు పంపి 10 డాలర్లిచ్చినచో, వారే కడిగి, పటములు అచ్చువేసి, క్రొత్త ఫిల్ము వేసి పంపెడివారు. 1889లో రైకెన్‌బాక్ అను రసాయనజ్ఞుని కృషిచే పారదర్శకమైన ఫిల్ము వచ్చెను. ఎడిసన్ చలనచిత్ర ప్రయోగములకు అట్టి ఫిల్మే ఆధారమయ్యెను. 1900లో 1 డాలరుకే బ్రౌనీ కెమేరా లభించుటతో బడిపిల్లలును పటములు తీయగలిగిరి.

ఈస్ట్‌మన్ నిర్దోషి యని చెప్పరాదు. పోటీదారులను కొని కలుపుకొనుటలో ఆయన కఠినుడు. పారదర్శక ఫిల్మునకు హానిబాల్ గుడ్విన్ అను మతబోధకుడు 1887లోనే హక్కు కోరియుండెను. ఆ వివాదము ఏండ్లకొలది సాగి, గుడ్విన్ గతించిన పిదప, 1914లో ఈస్ట్‌మన్ సంస్థ 50 లక్షల డాలర్లు చెల్లించుటతో ముగిసెను.

ఆయన వివాహమాడలేదు. ఆర్జించిన ధనములో 10 కోట్ల డాలర్లకు పైగా దానము చేసెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు తన పేరు బయటపడనీయక స్మిత్ అను మారుపేరున కోట్లు ఇచ్చెను. నల్లజాతివారి విద్యకై వెలసిన టస్కెగీ, హాంప్టన్ సంస్థలకును, రోచెస్టరున సంగీత విద్యాలయమునకును, లండను, రోము మున్నగు నగరముల బాలల దంతవైద్యశాలలకును తోడ్పడెను. తుదకు వెన్నెముక వ్యాధిచే బాధపడి, 1932 మార్చి 14న, 77వ ఏట, తనచేతనే తన జీవితమును ముగించుకొనెను. అంతటివానికిని ఆ దుఃఖము తప్పలేదు.

తదుపరి కాలము మారెను. డిజిటల్ కెమేరా తొలి నమూనా 1975లో ఆయన సంస్థయందే తయారయ్యెను. ఆ క్రొత్త విద్య ప్రబలిన పిమ్మట 2012లో సంస్థ న్యాయస్థానమున దివాలా రక్షణ కోరి, మరుసటి ఏట బయటపడెను. అయినను ఫిల్ము అంతరించలేదు. 1901లో బ్రౌనీ కొరకు వచ్చిన 120 సంఖ్య గల ఫిల్ము నేటికిని తయారగుచున్నది. కావున ముత్తాతల నాటి పెట్టెతో మునిమనుమలు పటములు తీయుచున్నారు. కొందరు గడువు దాటిన ఫిల్మునే వెదకి వాడుదురు. వేడియు తేమయు దానికి శత్రువులు, చల్లదనము మిత్రము. వయస్సు మీరినకొలది చురుకుదనము తగ్గును, పటముపై మసక క్రమ్మును, రంగులు తారుమారగును. రంగుల ఫిల్ము అయినచో గడువు దాటిన ప్రతి పదియేండ్లకును వెలుతురు రెండింతలు ఇయ్యవలెనని అనుభవజ్ఞుల లెక్క.

చల్లదనపు మహిమకు ఒక దృష్టాంతము చాలును. 1897లో బెలూనుపై ఉత్తరధ్రువమునకు బయలుదేరిన స్వీడను దేశీయుడు ఆండ్రేయు, ఆయన సహచరులిద్దరును మంచుదీవిలో మరణించిరి. 1930లో వారి ఫిల్ములు దొరకెను. 33 ఏండ్లు మంచులో పడియున్న వానిని స్టాక్‌హోమున హెర్ట్జ్‌బర్గు అను నిపుణుడు కడుగగా 93 పటములు దక్కెను. గతించినవారు మరల కనబడిరి.

ఫిల్మునకు గడువు కలదు, మనుష్యునకును కలదు. తన సరకు పాతబడునని ఒప్పుకొని, పాడైనదానిని తానే వెనుకకు తీసికొన్న నాటి యువకుని నిజాయితీకి మాత్రము గడువు లేదు. బడి మానిన బాలుడు పత్రిక చదివి లోకమునకు చూపునిచ్చెను. మన గ్రంథాలయపు బల్లపై పరచియుండు పత్రికలలో ఏ బాలుని భవిష్యత్తు దాగియున్నదో ఎవరెరుగుదురు? చదువుకొనుటకు వచ్చు ప్రతి బాలునకును ఈ తలుపులు తెరచియుంచుటయే మన విధి.