మశూచిని జయించిన వైద్యుడు: ఎడ్వర్డు జెన్నరు

ఊరిలో అమ్మవారు పోసినదన్న మాట వినినంతనే తల్లుల గుండెలు జల్లుమను కాలమొకటి యుండెను. గుమ్మమునకు వేపమండలు కట్టి, పోలేరమ్మకు మ్రొక్కుకొని, బిడ్డ తేరుకొనువరకు ఇంటిల్లిపాదియు నిద్రాహారములు మానెడివారు. పెద్ద మశూచికము సోకినవారిలో ఇంచుమించు పదిమందికి ముగ్గురు మరణించెడివారు. బ్రదికినవారి ముఖములపై మచ్చలు నిలిచెడివి. కొందరికి చూపే పోయెడిది. అట్టి మహమ్మారి నేడు భూతలమున లేదు. దానిని తుదముట్టించు మార్గమును లోకమునకు చూపినవాడు ఎడ్వర్డు జెన్నరు.

ఇంగ్లండులో గ్లాస్టరుషైరు మండలమందలి బర్క్లీ అను చిన్న ఊరిలో 1749 మే 17న జెన్నరు జన్మించెను. తండ్రి చర్చి గురువు. ఐదేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులిద్దరును గతింపగా, తోబుట్టువుల సంరక్షణలో అతడు పెరిగెను.

ఆ కాలమున మశూచినుండి కాపాడుకొనుటకు ఒక పద్ధతి యుండెను. వ్యాధి తేలికగా వచ్చిన రోగి పొక్కులోని రసిని తీసి, ఆరోగ్యముగా నున్న బిడ్డ చేతిపై గాటుపెట్టి అంటించెడివారు. వంగదేశమున టీకాదారులును, టర్కీలో వృద్ధస్త్రీలును ఈ పని చేసెడివారు. టర్కీకి రాయబారిగా వెళ్లిన దొర భార్య మేరీ మాంటేగు దీనిని అచ్చట చూచి, 1718లో తన కుమారునికిని, 1721లో లండనున కుమార్తెకును చేయించెను. దీనివలన నూటికి ఒకరిద్దరు మరణించుటయు కలదు. అంటించుకొన్నవారినుండి ఇతరులకు వ్యాధి సోకుటయు కలదు. అయినను నూటికి ముప్పదిమందిని చంపు రోగముకంటె ఇది మేలని తలచి, తల్లిదండ్రులు గుండె రాయి చేసికొని బిడ్డలను అప్పగించెడివారు. ఎనిమిదేండ్ల జెన్నరునకును ఇట్లే చేయించిరి. ముందుగా వారములతరబడి పస్తులుంచి, నెత్తురు తీసి, పిమ్మట ఒక కొట్టములో ఉంచిరి. ఆ బాధ అతని మనస్సును చిరకాలము వీడలేదు.

జెన్నరు ఒక శస్త్రవైద్యునివద్ద శిష్యరికము చేసి, 1770లో లండను చేరి, జాన్ హంటరు అను ప్రసిద్ధ వైద్యునివద్ద చదివి, తిరిగి స్వగ్రామముననే వైద్యము చేయసాగెను. ఆ సీమ పాడిసీమ. ఆవుల పొదుగులపై లేచు పొక్కులు పాలు పితుకువారి చేతులకు అంటెడివి. ఆ గోమశూచి ఒకసారి వచ్చినవారికి పెద్ద మశూచి రాదని రైతుల నమ్మకము. 1774లో బెంజమిన్ జెస్టీ అను రైతు ఆ నమ్మకముతోనే తన భార్యకును, ఇద్దరు కొడుకులకును గోమశూచి రసిని అంటించెను. పిల్లలు క్షేమముగానే యుండిరి గాని, ఇరుగుపొరుగువారు అతనిని దూషించిరి.

జెన్నరు ఏండ్లతరబడి ఇట్టి వృత్తాంతములను సేకరించి వ్రాసికొనెను. 1796 మే 14న సారా నెల్మ్స్ అను పాలపడుచు చేతి పొక్కునుండి రసి తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల కూలివాని బిడ్డకు అంటించెను. బాలునికి కొద్దిపాటి జ్వరము వచ్చి తగ్గెను. జూలై 1న నిజమైన మశూచి రసినే అంటించి చూడగా వ్యాధి రాలేదు. పసివానిపై ఇట్టి పరీక్షను నేటి వైద్యధర్మము అంగీకరింపదు. నాడు మశూచి అంటించుట వాడుకలోనున్న పనియే. 1798లో జెన్నరు తన పరిశోధనలను గ్రంథముగా ప్రకటించెను. లాటిను భాషలో ఆవును వక్కా అందురు. వాక్సిను అను పేరు దానినుండి వచ్చినదే.

జెన్నరు పరుల బిడ్డలపై ప్రయోగించి తన బిడ్డలను దాచుకొన్నవాడు కాడు. 1789లో పుట్టిన పెద్దకుమారునికి శైశవముననే పందిమశూచి రసిని అంటించెను. 1798లో చిన్నకుమారుడు రాబర్టునకు గోమశూచి టీకా వేసెను గాని అది పట్టలేదు. పిమ్మట చెల్టెన్‌హామ్ పట్టణమున ఆ బిడ్డకు మశూచి సోకు ప్రమాదము ఏర్పడెను. ఆ సమయమున టీకామందు చేత లేదు, ఆలసించినచో ప్రాణాపాయము. అందుచేత పాతపద్ధతినే మశూచి అంటింపవలసివచ్చెను. బిడ్డ బ్రదికెను. కాని టీకావైద్యునికే తన టీకాపై నమ్మకము లేదని విరోధులు చాటిరి.

టీకా వేయించుకొన్నవారి ఒంటిపై ఆవులు మొలచినట్లు 1802లో లండనున ఒక వ్యంగ్యచిత్రము వెలువడెను. అయితే విమర్శలన్నియు వట్టివి కావు. టీకా రక్షణ జీవితాంతము నిలుచునని జెన్నరు తలచెను. కొన్నేండ్లకు అది సన్నగిల్లునని, మరల వేయింపవలెనని తరువాత తేలెను. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి రసి మార్చునప్పుడు ఇతర రోగములు అంటుటయు జరిగెను.

టీకా బాగ్దాదు, బస్రాల మీదుగా భారతదేశమునకు వచ్చెను. 1802 జూన్ 14న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేసిన టీకా పట్టెను. ఆమె చేతినుండి తీసిన రసియే ఇతర పట్టణములకు వ్యాపించెను. తరువాతి కాలమున దూడల చర్మముపై టీకామందు తయారుచేయు పద్ధతి వచ్చెను. మదరాసు చెంత గిండీలో 1899లో నెలకొన్న కింగ్ ఇన్‌స్టిట్యూటు మదరాసు రాజధానికి ఆ మందును సమకూర్చెను. నాడు నెల్లూరు జిల్లాయు అందులోనిదే. బుచ్చిరెడ్డిపాలెపు వృద్ధుల చేతులపై కనబడు గుండ్రని మచ్చలు ఆ టీకాల గురుతులే.

బ్రిటిషు పార్లమెంటు జెన్నరునకు 1802లో 10,000 పౌనులు, 1807లో 20,000 పౌనులు బహూకరించెను. అతడు తన తోటలోని చిన్న కుటీరమున పేదలకు ఉచితముగా టీకాలు వేసెడివాడు. జేమ్సు ఫిప్సునకు నివాసము కల్పించెను. లోకమును మశూచినుండి కాపాడ యత్నించిన ఆ వైద్యుని పెద్దకుమారుడు 1810లోను, భార్య 1815లోను క్షయవ్యాధిచే గతించిరి. ఆ వ్యాధికి నాడు టీకా లేదు. 1823 జనవరి 26న జెన్నరు పరమపదించెను.

భారతదేశమున మశూచి 1975లో అంతరించెను. లోకమున మశూచి నిర్మూలనమైనదని ప్రపంచ ఆరోగ్యసభ 1980 మే 8న ప్రకటించెను. పిమ్మట పిల్లలకు మశూచి టీకా వేయుట మానిరి. ఆ టీకావలన పది లక్షలమందిలో ఒకరిద్దరు మరణించుట కలదు. రోగమే లేనప్పుడు ఆ కొద్ది అపాయమునకైనను ఒడిగట్ట పనిలేదు. పోలియో, తట్టు, కంఠసర్పి మొదలగు వ్యాధుల మాట వేరు; అవి లోకమునుండి ఇంకను తొలగిపోలేదు. బిడ్డ చేతికి సూది గ్రుచ్చునప్పుడు తల్లిదండ్రులు భయపడుట సహజము. టీకావలన అపాయమెంత, వ్యాధివలన అపాయమెంత అని రెండింటిని తూచిచూచుటయు వారి ధర్మమే. అయితే వ్యాధి కంటికి కనబడనంతమాత్రమున తక్కెడలో ఆవలి పళ్లెము ఖాళీ యైనదని తలపరాదు. వ్యాధి కనబడకుండుటకు కారణము ఊరి పిల్లలందరికిని వేయించిన టీకాలే.