పలుగు కంటే ముందు పత్రం

కోలారు బంగారం తవ్వింది వేల చేతులు. దాని మీద హక్కు మాత్రం ఒక్క కాగితంతో మొదలైంది. ఆ కాగితం సంపాదించినోడు మైఖేల్ ఫిట్జ్‌గెరాల్డ్ లావెల్. బెంగళూరు లావెల్ రోడ్డులో తిరిగే మనోళ్లలో ఎందరికి తెలుసు ఈయన కథ?

పాత వ్యాసం.. ఎద్దుల బండి

లావెల్ ఐర్లాండ్ మనిషి. బ్రిటిష్ సైనికుడిగా న్యూజిలాండ్‌లో మావోరీలతో జరిగిన యుద్ధంలో పనిచేశాడు. బంగారం మీద ఆసక్తి అక్కడే పుట్టింది. రిటైరై బెంగళూరులో స్థిరపడ్డాక, లెఫ్టినెంట్ జాన్ వారెన్ రాసిన పాత వ్యాసం ఆయన కంటబడింది.

1802లో సరిహద్దు సర్వేకు వచ్చిన వారెన్, బంగారం చూపినోళ్లకు బహుమానం ఇస్తానని చాటించాడు. ఊరిగాం జనం బండ్లలో మట్టి తెచ్చి, ఆయన ఎదుటే కడిగి పసిడి రేణువులు చూపారు. మారికుప్పం దగ్గర పేదలు గోతుల్లోకి దిగి, రాళ్లు తెచ్చి దంచి బంగారం తీసేవాళ్లు. ప్రమాదాలు పెరగడంతో 1859లో సర్కారు భూగర్భ తవ్వకాలను నిషేధించింది. పని తెలిసినోళ్ల చేతిలో పత్రం లేదు. దాంతో ఆ పనే పోయింది.

1871లో లావెల్ ఎద్దుల బండి కట్టించుకుని సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి కోలారు ప్రాంతానికి వచ్చాడు.

ఇరవై ఏళ్ల హక్కు

1873లో అర్జీ పెట్టాడు. అప్పట్లో మైసూరు బ్రిటిష్ కమిషనర్ల పాలనలో ఉంది. బంగారం దొరికితే సర్కారుకు లాభం, దొరక్కపోతే ఖర్చు తనదే అన్నది ఆయన వాదన. 1875లో 20 ఏళ్లకు లైసెన్సు వచ్చింది. జిల్లాలో ఆయన తప్ప మరొకరు తవ్వకూడదు!

ఊరిగాం దగ్గర గొయ్యి తవ్వించాడు గానీ డబ్బు చాలలేదు. లోతుకు పోవాలంటే యంత్రాలు కావాలి, పెట్టుబడి కావాలి. 1877లో సర్కారు అనుమతితో తన హక్కును మేజర్ జనరల్ బెరెస్‌ఫోర్డ్ బృందానికి బదలాయించాడు. బంగారం ఇంకా భూమిలోనే ఉంది. తవ్వుకునే హక్కు మాత్రం అప్పటికే సరుకైపోయింది.

ఎవరికెంత?

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. పెద్ద పెట్టుబడి, కొత్త యంత్రాలు వచ్చాయి. అవి లేకుండా అంత లోతు తవ్వడం అయ్యే పని కాదు, నిజమే. కానీ పంపకం ఒప్పందాల ప్రకారమే జరిగింది. మైసూరు సర్కారుకు 5 శాతం రాయల్టీ. లాభాలు లండన్ వాటాదార్లకు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, సేలం నుంచి వచ్చిన కార్మికులకు కూలి. మూడు కిలోమీటర్ల లోతున రాతి పేలుళ్లు, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము వాళ్ల వంతు. వాళ్ల పేరున వాటా రాసిన పత్రం ఏదీ లేదు.

1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చాక 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తరాలుగా బతికిన క్వార్టర్లు కూడా కంపెనీవే. వాటి మీద హక్కు కోసం కార్మిక కుటుంబాలు పోరాటానికి దిగాల్సి వచ్చింది.

లావెల్ స్వయంగా తీయించిన బంగారం పెద్దగా లేదు. అయినా ఆయన పేరు బెంగళూరు రోడ్డు మీద నిలిచింది. తవ్వినోళ్లు అడిగిందల్లా తామున్న ఇంటికి ఓ పట్టా.